లైంగిక హింస కేసుల్లో పిల్లలకు తోడుగా వెళ్లాలంటే ఏం తెలిసి ఉండాలి?

ప్రశ్న ఇదీ: "ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) పూర్తయింది, ఉండేది వరంగల్. లైంగిక దాడికి గురైన పిల్లలకు, మహిళలకు సాయపడే ఎన్జీవోలో ముందు శని, ఆదివారాలు వాలంటీరుగా చేసి, కుదిరితే ఉద్యోగంలో చేరాలని ఉంది. అక్కడ ఏం పని ఉంటుంది? కౌన్సెలింగ్ చేయనిస్తారా? తెలియక తప్పు చేస్తానేమోనని భయంగా ఉంది."

కౌన్సెలింగ్ చేయనివ్వరు, చేయనివ్వకూడదు కూడా. కొత్తగా వచ్చినవాళ్లను మొదటి నెలలోనే ఒక పాపతో గదిలో కూర్చోబెట్టి "కాస్త మాట్లాడించండి" అనే సంస్థ ఎదురైతే అక్కడ చేరకండి. ఆ పనికి సైకాలజీ చదువు ఉండాలి, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో చేసిన సాధన ఉండాలి. ఎం.ఎస్.డబ్ల్యూ. పట్టా ఒక్కటే చాలదు. పైగా పాప మీ దాకా వచ్చేసరికి జరిగింది తల్లికి చెప్పి ఉంటుంది, పోలీసులకు, డాక్టరుకు, మేజిస్ట్రేటుకు, జిల్లాలో పిల్లల రక్షణ చూసే బాలల సంక్షేమ సమితికి కూడా చెప్పి ఉంటుంది. మీరు ఆరోవారు కానక్కర్లేదు. ఎంతమంది ఎన్నిసార్లు అడిగి చెప్పించుకుంటే, "ఈ మాటలు నీకెవరు నేర్పారు?" అని కోర్టులో డిఫెన్స్ లాయరు వేసే ప్రశ్నకు అంత బలం వస్తుంది. జరిగింది అడగకుండా పక్కన ఉండగలగడమే ఈ పనిలో మొదట అలవడాల్సిన విద్య. మంచి మనసుతో వచ్చినవాళ్లు చేసే హాని ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది.

ఇక శని, ఆదివారాల సంగతి. కోర్టు, కలెక్టరేట్, బాలల సంక్షేమ సమితి, బ్యాంకు అన్నీ పనిదినాల్లోనే. అందువల్ల వారాంతం మాత్రమే ఇవ్వగలిగినవారికి పిల్లలకు నేరుగా తోడు వెళ్లే పని కుదరదు. పిల్లలు ఉండే హోంలో పదో తరగతి లెక్కలు చెప్పడం, ఫైళ్లు వరుసపెట్టడం, ఇంగ్లిషులో వచ్చిన కోర్టు ఆర్డరును తల్లికి అర్థమయ్యే తెలుగులో ఒక పేజీ రాసిపెట్టడం, పరిహారం దరఖాస్తులు నింపడం ఇస్తారు. వీటిని చిన్న పనులనుకోవద్దు. తేదీ మరిచిపోయిన ఒక్క వాయిదా వల్ల కేసు ఎంత దెబ్బతింటుందో ఫైళ్ల దగ్గర కూర్చున్నవారికే తెలుస్తుంది. వారంలో ఒక పనిదినం, కనీసం ఆరు నెలల పాటు ఇవ్వగలిగితే అప్పుడు తోడు వెళ్లే పని అడగండి.

సంస్థను ఎంచుకునేటప్పుడు వాళ్లు మిమ్మల్ని ఏం అడుగుతున్నారో గమనించండి. పోలీసు వెరిఫికేషన్, మిమ్మల్ని ఎరిగిన ఇద్దరి పేర్లు, పిల్లల రక్షణ విధానం మీద సంతకం: ఈ మూడూ అడగాలి. పిల్లలతో పనిచేసే సంస్థలు సిబ్బంది పూర్వాపరాలు ఎప్పటికప్పుడు పోలీసుల ద్వారా సరిచూసుకోవాలని పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల నుంచి రక్షణ చట్టం) 2020 నిబంధనల్లోనే ఉంది. ఏమీ అడగకుండా "రేపే రండి" అన్నారంటే, మీకంటే ముందు ఇంకెవరిని అలా రానిచ్చారో ఆలోచించండి. మీరూ అడగండి: శిక్షణ ఎన్నాళ్లు, నా మీద పర్యవేక్షణ ఎవరిది, సిబ్బందిలో ఒకరి మీద ఫిర్యాదు వస్తే ఎవరికి చెప్పాలి, హోం ఉంటే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్టరైందా. గోడ మీద, ఫేస్‌బుక్ పేజీలో పిల్లల ఫొటోలు కనిపిస్తే, ముఖం మసకబార్చినా సరే, అక్కడి నుంచి వచ్చేయండి.

ఎవరు ఏం చేస్తారో కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే సగం పని సరైన తలుపు తట్టడమే. హింసకు గురైన మహిళల కోసం సఖి కేంద్రాలు ప్రభుత్వ పథకం కింద నడుస్తాయి. వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్, ఐదు రోజుల వరకు ఆశ్రయం అన్నీ అక్కడే దొరకాలన్నది వాటి ఉద్దేశం. తెలంగాణలో మహిళలకు, పిల్లలకు ఇలాంటి సాయమే చేసే, పోలీసు శాఖ నడిపే భరోసా కేంద్రాలు 2016లో హైదరాబాద్‌లో మొదలై జిల్లాలకు విస్తరించాయి. పద్దెనిమిదేళ్లలోపు వారెవరైనా, ఆడపిల్లలైనా మగపిల్లలైనా, పోక్సో వర్తిస్తుంది. మగపిల్లల విషయం ఇళ్లలో ఇంకా ఎక్కువగా దాస్తారు, అది మీకు గుర్తుండాలి. ఫోన్ నంబర్లు మూడు నోటికి రావాలి: పిల్లలకు 1098, మహిళలకు 181, ఉచిత న్యాయ సహాయానికి 15100.

పోక్సో కేసులో తోడు వెళ్లే వ్యక్తిని చట్టభాషలో సహాయక వ్యక్తి అంటారు. ఆఫీసుల్లో అందరూ సపోర్ట్ పర్సన్ అనే అంటారు. నియమించేది బాలల సంక్షేమ సమితి, అదీ పిల్లల, తల్లిదండ్రుల సమ్మతితో. బిడ్డ వద్దంటే ఏ దశలోనైనా మార్చాలి. ఆర్డరులో మీ పేరు ఉండాలి. కేవలం సంస్థ పేరుంటే కోర్టు హాలు గుమ్మం దగ్గరే ఆపేస్తారు. మూడు జిరాక్సులు తీసి ఒకటి ఎప్పుడూ సంచిలో ఉంచుకోండి. బిడ్డ ఆరోగ్యం, ఇంటి పరిస్థితి, చదువు గురించి విచారణ పూర్తయ్యేదాకా నెలకొక నివేదిక సమితికి ఇవ్వాలి. రోజు భత్యం నైపుణ్యమున్న కార్మికుడి కనీస వేతనానికి తగ్గకూడదని నిబంధన ఉంది. జిల్లా బాలల సంరక్షణ విభాగం నుంచి ఆ డబ్బు ఆలస్యంగా రావడం మామూలే. దాని మీదే ఇల్లు గడపాలనుకుంటే ఇబ్బంది పడతారు. సంస్థలో నెల జీతం మీద చేరి, ఈ పని అందులో భాగంగా చేయడమే మేలు.

ఒక మాట బిడ్డకు ఎప్పుడూ ఇవ్వకండి: "నాకు చెప్పు, ఎవరికీ చెప్పను." పోక్సో 19వ సెక్షను ప్రకారం తెలిసినవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు శిక్ష ఉంది. మాట ఇచ్చి తర్వాత పోలీసులకు చెబితే, ఆ పాప మళ్లీ పెద్దవాళ్లెవరినీ నమ్మదు. దానికి బదులు మొదటి రోజే ఇలా చెప్పండి: "నువ్వు చెప్పేవాటిలో చాలావరకు నా దగ్గరే ఉంటాయి. నిన్నెవరైనా బాధపెడుతున్నారని తెలిస్తే మాత్రం నేను చెప్పాల్సిన వాళ్లకు చెప్తాను. ఎవరికి చెప్తున్నానో ముందు నీకే చెప్తాను." పద్దెనిమిది నిండిన మహిళ విషయం వేరు. ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. మీకు ఎంత కోపం వచ్చినా ఆమె తరఫున తేల్చే హక్కు మీకు లేదు.

ఘటన జరిగి రెండు మూడు రోజులే అయినవాళ్లు వచ్చినప్పుడు గంటలు లెక్కలోకి వస్తాయి. స్నానం చేయకుండా, బట్టలు ఉతకకుండా వస్తే మంచిది. ఉతికేసినా, స్నానం చేసినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. "అయ్యో, ఉతికేశావా" అనే మాట నోట రాకూడదు. బట్టలు విడివిడిగా కాగితపు కవర్లలో పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో తేమ నిలిచి బూజు పడుతుంది, డీఎన్ఏ పాడవుతుంది. శరీరం లోపలి నమూనాలు 96 గంటల దాకా తీయవచ్చని ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు చెబుతాయి. గర్భం రాకుండా ఇచ్చే మాత్ర 72 గంటల్లోపు, ఎంత ముందు వేసుకుంటే అంత మంచిది. హెచ్ఐవీ నివారణ మందులూ 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు ఆపకుండా వాడాలి. చాలామంది ఇక్కడే జారిపోతారు: వికారం వస్తుంది, ఇంట్లో ఎవరైనా అడుగుతారని దాచుకుంటారు, పదో రోజుకు మానేస్తారు. రోజూ ఒకే వేళకు "భోంచేశావా?" అని ఫోన్ చేయడం ఈ 28 రోజుల్లో మీరు చేయగల గొప్ప సాయం. మందు మాట ఫోన్లో ఎత్తక్కర్లేదు, ఆ ప్రశ్నకు అర్థం ముందే అనుకుని ఉంటే చాలు.

ఎఫ్ఐఆర్ లేనిదే చూడం అని ఏ ఆసుపత్రీ అనకూడదు, ప్రైవేటుదైనా సరే. ప్రథమ చికిత్స, వైద్యం ఉచితం. నిరాకరిస్తే, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 200వ సెక్షను కింద ఏడాది దాకా జైలు. గొడవపడకుండా డ్యూటీ డాక్టరుతో "ఎందుకు చూడలేదో రాసివ్వండి" అనండి, చాలాసార్లు అక్కడితో దారి తెరుచుకుంటుంది. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి, బిడ్డ నమ్మిన మనిషి పక్కన ఉండవచ్చు. లైంగిక అనుభవం ఉందా అని చూసే రెండు వేళ్ల పరీక్ష చేస్తే అది తప్పేనని సుప్రీంకోర్టు 2013లో, మళ్లీ 2022లో స్పష్టంగా చెప్పింది. గర్భం వచ్చిందని తెలిస్తే వారాలు వెంటనే లెక్కించండి. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం కావాలి. అది దాటితే హైకోర్టుకు వెళ్లాల్సి వస్తుంది, "వచ్చే వారం చూద్దాం" అన్న మాట ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. గర్భస్రావానికి ముందే దర్యాప్తు అధికారికి చెప్పండి, డీఎన్ఏ నమూనా భద్రపరచాలి.

ఎఫ్ఐఆర్ ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు. "మా పరిధి కాదు" అన్నా జీరో నంబరుతో తీసుకోవాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. పాప వాంగ్మూలం ఆమె ఇంట్లోనో, ఆమెకు ఇష్టమైన చోటో తీసుకోవాలి, అధికారి యూనిఫాంలో ఉండకూడదు, రాత్రివేళ స్టేషన్‌లో ఉంచకూడదు. లంబాడీ, కోయ, గోండి మాట్లాడే పిల్లలకు దుబాసీ కావాలని మొదటే రాతపూర్వకంగా అడగండి. మేనమామనో పక్కింటాయననో దుబాసీగా కూర్చోబెడితే పాప సగం చెప్పదు, మిగతా సగం ఆయన చెప్పడు. శరీర భాగాలకు పిల్లలు ఇంట్లో వాడే మాటలే వాడతారు. వాటిని సరిదిద్దకండి, ఆ మాటే ఆమె సాక్ష్యం.

కోర్టు రోజు గురించి కొంచెం విడిగా చెప్పాలి. పాపకు సాక్ష్యం నేర్పకూడదు; కోర్టును మాత్రం పరిచయం చేయవచ్చు. ఒకటి రెండు రోజుల ముందు, హాలు ఖాళీగా ఉన్నప్పుడు పీపీతో (ప్రభుత్వ న్యాయవాదితో) మాట్లాడి తీసుకెళ్లి చూపించండి. జడ్జి ఎక్కడ కూర్చుంటారు, నువ్వెక్కడ నిలబడతావు, నీళ్లు ఎక్కడ, బాత్రూం ఎక్కడ. మూడు వాక్యాలు చెప్పడం ఆమెకు అలవాటు కావాలి: "తెలీదు", "గుర్తులేదు", "మీరడిగింది అర్థం కాలేదు". తెలియనిదానికి "అవును" అనడం పిల్లలకు పెద్దల ముందున్న అలవాటు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో దెబ్బతీసేది అదే. చట్టం ప్రకారం లాయర్లు ప్రశ్నలు జడ్జికి ఇవ్వాలి, జడ్జి పాపను అడగాలి. మధ్యమధ్య విరామం ఇవ్వాలి. నిందితుడు పాపకు కనిపించకుండా తెరో వీడియో ఏర్పాటో ఉండాలి. అవి ఉన్నాయో లేవో ముందు రోజే పీపీని కనుక్కోండి. పొద్దున్న వెళ్లి చూసుకుందాం అనుకుంటే కారిడార్‌లోనే అతను, అతని బంధువులు ఎదురవుతారు. వేరే గేటు, వేరే గది, రావాల్సిన వేళ మాట్లాడిపెట్టుకోండి.

సంచిలో నీళ్లు, బిస్కెట్లు, పులిహోర లాంటి చెడిపోని తిండి, రంగు పెన్సిళ్లు, తువ్వాలు, శానిటరీ ప్యాడ్లు, ఒక జత బట్టలు, ఆర్డరు కాపీ, సమన్లు ఉండాలి. హాల్లో పాప చూపు మీ వైపు వస్తే ప్రశాంతంగా చూడండి. తల ఊపకండి, కళ్లతో సైగ చేయకండి. ఒక్క తల ఊపుతో "సాక్షికి చెప్పిస్తున్నారు" అన్న అభ్యంతరం రికార్డులోకి ఎక్కుతుంది. ఇంకొకటి, పొద్దున్నుంచి కూర్చోబెట్టి సాయంత్రం నాలుగింటికి వాయిదా వేయడం జరుగుతూనే ఉంటుంది. కోర్టు కేసు చేపట్టిన 30 రోజుల్లో పాప సాక్ష్యం, ఏడాదిలో విచారణ ముగించాలని చట్టం చెబుతున్నా ఆ గడువులు చాలాసార్లు దాటిపోతాయి. "ఈరోజు కాకపోవచ్చు కూడా" అని ఇంటి దగ్గరే చెప్పండి. తల్లి ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చింది, రావడానికి పోవడానికి బస్సు ఖర్చులకు సంస్థ డబ్బులు ఇస్తోందా లేదా చూసుకోండి. మూడో వాయిదాకు రాకపోవడానికి చాలాసార్లు ఛార్జీలే కారణం.

కేసు నడుస్తుండగా రాజీ ఒత్తిడి వస్తుంది. ఊరి పెద్దలు కూర్చుంటారు, డబ్బు మాట్లాడతారు, పాపకు పద్దెనిమిది నిండగానే పెళ్లి చేసేద్దాం అంటారు. పోక్సో కేసును ఊళ్లో కూర్చుని మాఫీ చేసే వీలు లేదు, ఈ ముక్క తల్లిదండ్రులకు మెల్లగా, రెండు మూడుసార్లు చెప్పాలి. పంచాయితీకి మీరు ఒంటరిగా వెళ్లి వాదించకండి. బెదిరింపు ఏ రోజు, ఎవరు, ఏ మాటలతో అన్నారో రాసి సంస్థ కోఆర్డినేటరుకు, పీపీకి ఇవ్వండి. సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు పెట్టవచ్చు. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ఇష్టపడి వెళ్లిపోయిన కేసులూ మీ దగ్గరికి వస్తాయి. ఆ అమ్మాయి తనను బాధితురాలిగా అనుకోదు, మిమ్మల్ని పోలీసుల మనిషిగా చూస్తుంది. నీతులు చెబితే నోరు మూసుకుంటుంది. ఆరోగ్యం, చదువు, ఉండే చోటు, ఈ మూడింటి గురించే మాట్లాడండి.

కాగితాల్లో ఎక్కువ మంది పొరపడేది వయసు దగ్గర. ఆధార్ వయసుకు రుజువు కాదు. జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షను ప్రకారం ముందు బడి రికార్డు లేదా పదో తరగతి సర్టిఫికెట్, అది లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చే జనన ధ్రువపత్రం, ఏదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. మొదటి వారంలోనే బడి నుంచి తెప్పించండి. హెడ్మాస్టరుకు కారణం చెప్పనక్కర్లేదు, "బ్యాంకు ఖాతాకు కావాలి" అంటే చాలు. ఆ ఖాతా నిజంగానే కావాలి కూడా. బడిలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, బ్యాంకులో ఒట్టి పొడి అక్షరం. ఈ తేడా వల్లే పరిహారం నెలల తరబడి ఆగుతుంది. జాతీయ న్యాయ సేవల సంస్థ 2018 పథకంలో అత్యాచారానికి 4 నుంచి 7 లక్షలు, సామూహిక అత్యాచారానికి 5 నుంచి 10 లక్షలు ఉంది. మధ్యంతర పరిహారం ఎఫ్ఐఆర్ తర్వాత ఏ దశలోనైనా అడగవచ్చు, తీర్పు దాకా ఆగక్కర్లేదు. తక్షణ అవసరాలకు, అంటే తిండికి, బట్టలకు, ప్రయాణానికి, సమితి సిఫారసు చేస్తే వారంలో డబ్బు రావాలి. ఈ చివరిది అడిగేవాళ్లు తక్కువ, అందుకే రాదు.

గోప్యత అంటే పేరు ఒక్కటే కాదు. ఊరు, బడి, తండ్రి వృత్తి, ఇంటి ముందున్న గుడి, వీటిలో రెండు కలిస్తే చిన్న మండలంలో మనిషి తెలిసిపోతుంది. గుర్తింపు బయటపెడితే న్యాయ సంహిత 72వ సెక్షను కింద రెండేళ్ల దాకా జైలు. వాట్సాప్ గ్రూపులో కోడ్ నంబరే వాడండి, ఎఫ్ఐఆర్ ఫొటో ఫోన్ గ్యాలరీలో ఉంచకండి. ఇంటికి వెళ్లేటప్పుడు సంస్థ పేరున్న జీపు వద్దు, మెడలో ఐడీ కార్డు వద్దు. పక్కింటివాళ్లు "ఎవరు మీరు?" అంటే ఏం చెప్పాలో తల్లితో ముందే అనుకోండి: స్కాలర్‌షిప్ పని మీద వచ్చారనో మరేదో, ఆమెకు నప్పేది. నోట్సు అదే రోజు రాయండి. తేదీ, వేళ, ఎవరున్నారు, ఆమె అన్న మాట ఆమె మాటల్లోనే. "అబద్ధం చెబుతున్నట్టుంది", "బాగా ధైర్యంగా ఉంది" లాంటి మీ అభిప్రాయాలు వద్దు, ఆ ఫైలు కోర్టు తెప్పించుకోవచ్చు.

మాట తీరు గురించి. "ఎందుకు" అనే ప్రశ్న పూర్తిగా మానేయండి. "ఎందుకు అరవలేదు, ఎందుకు వెంటనే చెప్పలేదు" అన్నవి ప్రశ్నల్లా ఉన్నా ఆమె చెవికి నిందలే. భయం వేసినప్పుడు ఒళ్లు కొయ్యబారిపోవడం శరీరం చేసే పని, ఆమె ఎంచుకున్నది కాదు. ఇది తల్లికి కూడా చెప్పండి, తల్లులే ఎక్కువగా ఆ ప్రశ్న అడిగేది. "చెడిపోయింది", "జీవితం పాడైంది" అని ఇంట్లో ఎవరన్నా, పాప వినేలా ఆ మాటను తోసిపుచ్చండి. "బాధితురాలు" కాగితాల్లో ఉండనివ్వండి, ఎదుట పేరుతో పిలవండి. మిమ్మల్ని అక్కా అననివ్వండి, అమ్మా అనడం అలవాటు చేయకండి. అడగకుండా తల నిమరడం, దగ్గరకు తీసుకోవడం వద్దు. ఏడుస్తుంటే నీళ్లిచ్చి, పక్కన కూర్చోండి. మీ సొంత నంబరు ఇవ్వకండి, సంస్థ సిమ్ ఇవ్వమనండి. రాత్రి పదకొండింటికి వచ్చిన ఫోన్‌కు ఒకసారి మాట్లాడి మరోసారి ఎత్తకపోతే, అసలు ఇవ్వకపోవడం కంటే ఎక్కువ బాధ.

మీ నిద్ర చెడడం, బస్సులో పక్కన కూర్చున్న ప్రతి మగవాడినీ అనుమానంగా చూడటం, ఇంట్లో చిన్నపిల్లలను ఎత్తుకోవాలంటే బెదురు, లేదా దానికి ఎదురుగా ఏ కథ విన్నా ఏమీ అనిపించకపోవడం: ఇవి రెండు మూడు నెలల్లో కనిపిస్తాయి. బలహీనత కాదు, విన్నదాని ఫలితం. నెలకొకసారైనా పర్యవేక్షకురాలితో మీ గురించి మాత్రమే మాట్లాడుకునే గంట ఉండాలి, చేరేముందే అడిగి ఖాయం చేసుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు మీరూ ఫోన్ చేయవచ్చు. మీకే గతంలో అలాంటిది జరిగి ఉంటే అది ఈ పనికి అనర్హత కాదు, చెప్పి తీరాలనీ లేదు. మొదటి ఆరు నెలలు హెల్ప్‌లైన్, ఆసుపత్రి పనులు కాకుండా వేరేవి అడగండి.

మానేయాల్సి వస్తే, ఉద్యోగం వచ్చినా పెళ్లి కుదిరినా, నెల ముందు చెప్పండి. కొత్తగా వచ్చే అక్కను కనీసం రెండుసార్లు మీరే వెంటబెట్టుకుని తీసుకెళ్లి పరిచయం చేయండి, ఆర్డరులో పేరు మార్పించండి, తర్వాతి వాయిదా తేదీ తల్లి క్యాలెండరు మీద గుండ్రంగా చుట్టి రండి. "మళ్లీ వస్తాను" అని రాలేనప్పుడు చెప్పకండి. పాపకు చివరి రోజు ఇదని ఆ రోజే తెలియాలి.